నోడ్ 12 నుంచి 22 దాకా ఒకే ఫైలు: అన్ని వెర్షన్లలోనూ పనిచేసేలా హెచ్‌టీటీపీ రిక్వెస్టులు రాయడం ఎలా

గాజువాక ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి నేను రాసిన సాఫ్ట్‌వేర్ మూడు మెషీన్ల మీద నడుస్తోంది. వేబ్రిడ్జి (లారీల్ని తూచే కాటా) గదిలో ఒక విండోస్ 7 పీసీ ఉంది. బరువు చదివే కార్డుకి కొత్త డ్రైవర్ దొరకదు, అందుకని దాన్ని కదపడానికి వీల్లేదు. అందులో నోడ్ 12 (నోడ్ అంటే బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే సాఫ్ట్‌వేర్). మేడ మీద ఆఫీసులో ఉబుంటు 18.04 సర్వర్, దాంట్లో నోడ్ 16. క్లౌడ్‌లో నోడ్ 22. పోర్టు నుంచి వచ్చిన లారీ కాటా ఎక్కగానే బరువు కింది పీసీ నుంచి మేడ మీదికి, అక్కణ్ణుంచి క్లౌడ్‌కి వెళ్లాలి. ఈ మూడింట్లోనూ రిక్వెస్టులు పంపేది ఒకే ఫైలు.

ఆ ఫైలు ఎలా రాసుకోవాలో ఇక్కడ వరసగా చెప్తాను. కోడ్‌ని మాటల్లోనే చెప్తున్నాను. మీరే టైపు చేసుకుంటే ఏ లైను ఎందుకుందో చేతికి తెలుస్తుంది. నోడ్‌లో కొద్దో గొప్పో రాసినవాళ్లు, ప్రామిస్ అంటే ఏంటో తెలిసినవాళ్లు చాలు.

మొదట: ఏ మెషీన్‌లో ఏముందో రాసుకోండి

ప్రతి మెషీన్ దగ్గరా కూర్చుని, నోడ్ వెర్షన్ ఎంతో కమాండ్ కొట్టి చూసి కాగితం మీద రాసుకోండి. గుర్తున్నది రాయొద్దు. ఉబుంటు 20.04 లో మామూలుగా ఆప్ట్ (ఉబుంటు సొంత ఇన్‌స్టాలర్) నుంచి నోడ్ ఎక్కిస్తే వచ్చేది 10. 22.04 లో అలాగే ఎక్కిస్తే 12. "మొన్ననే వేశాం కదా, కొత్తదే అయ్యుంటుంది" అనుకునే చోటే పాతది దొరుకుతుంది.

అన్నీ అప్‌గ్రేడ్ చేస్తే సరిపోతుంది కదా అని అడుగుతారు. కుదిరితే తప్పకుండా చేయండి. నోడ్ 16 కి 2023 సెప్టెంబరు 11 తో, నోడ్ 18 కి 2025 ఏప్రిల్ 30 తో సపోర్ట్ అయిపోయింది. సెక్యూరిటీ లోపం బయటపడినా వాటికి ఇక సవరణ రాదు. కానీ కొన్ని చోట్ల చేతులు కట్టేసి ఉంటాయి. విండోస్ 7 మీద నోడ్ 14 మొదలవదు, విండోస్ 8.1 అయినా కావాలంటుంది. నోడ్ 18 అధికారిక బైనరీకి లినక్స్‌లో జీలిబ్‌సీ (ప్రోగ్రాంలు ఆధారపడే సిస్టమ్ లైబ్రరీ) 2.28 ఉండాలి. ఉబుంటు 18.04 లో ఉన్నది 2.27, సెంటాస్ 7 లో 2.17. ఒక్క అంకె తేడాతో మేడ మీది సర్వర్ 16 దగ్గర ఆగిపోయింది. అలాంటి మెషీన్లను బయటికి రిక్వెస్టులు పంపడానికే ఉంచండి. బయటి నుంచి వాటిలోకి ఏ పోర్టూ తెరవొద్దు.

కాగితం మీద అన్నిటికన్నా చిన్న అంకె ఏదో చూడండి. ఇక మీ ఫైలు రాసేది ఆ వెర్షన్ కోసమే.

ఫెచ్ వాడాలా, వద్దా

ఇక్కడ నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. అయినా కారణం చెప్తాను.

ఫెచ్ అంటే రిక్వెస్టులు పంపే ఫంక్షన్. నోడ్‌లో అది ఇలా వచ్చింది: 17.5 లో ఒక ఫ్లాగ్ (నోడ్‌ని నడిపే కమాండ్‌లో అదనంగా ఇచ్చే మాట) పెడితేనే పనిచేసేది, అదే ఫ్లాగ్‌తో 16.15 లోకీ తెచ్చారు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 18 నుంచి ఏ ఫ్లాగూ లేకుండా ఉంది, కాకపోతే ఇంకా ప్రయోగదశ అని హెచ్చరిక చూపించేది. 21 లో స్థిరపడింది. అంటే నా మూడు మెషీన్లలో ఫ్లాగ్ లేకుండా ఒక్కదాంట్లోనే ఉంది.

ఎక్కువమంది చేసేది ఏంటంటే, ఫెచ్ అనే ఫంక్షన్ ఉందో లేదో టైపాఫ్‌తో చూసి, ఉంటే దాన్ని, లేకపోతే నోడ్‌తోపాటే వచ్చే హెచ్‌టీటీపీఎస్ మాడ్యూల్‌ని వాడటం. చూడ్డానికి బాగుంటుంది. నేనూ ఏడాది అలాగే నడిపాను. చిక్కు ఏంటంటే ఈ రెండూ ఒకేలా ప్రవర్తించవు. ఫెచ్ రీడైరెక్ట్‌ల (302 లాంటి, ఇంకో అడ్రసుకి వెళ్లమనే జవాబుల) వెంట తనే వెళ్తుంది, 20 దాకా. హెచ్‌టీటీపీఎస్ మాడ్యూల్ 302 ని తెచ్చి మన చేతిలో పెట్టి ఊరుకుంటుంది. జిజిప్‌తో కుదించిన జవాబుని ఫెచ్ విప్పి ఇస్తుంది, మాడ్యూల్ కుదించిన బైట్లే ఇస్తుంది. కనెక్షన్ దొరక్కపోతే ఫెచ్ "ఫెచ్ ఫెయిల్డ్" అని ఒక్క ముక్క చెప్పి అసలు కారణాన్ని ఎర్రర్ లోపలి కాజ్‌లో పెడుతుంది. మాడ్యూల్ ఇచ్చే ఎర్రర్‌లో కోడ్ పైనే కనిపిస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో కొత్త నోడ్ ఉంటుంది కాబట్టి మీరు రోజూ పరీక్షించేది ఫెచ్ దారినే. వేబ్రిడ్జి పీసీ నడిచేది రెండో దారిలో, అక్కడ ఎవరూ చూడరు. తప్పు జరిగితే ఎప్పుడూ అక్కడే జరుగుతుంది.

అందుకని, పోయేవీ వచ్చేవీ చిన్న చిన్న జేసన్‌లే (డేటాని టెక్స్టుగా రాసే పద్ధతి) అయితే, అన్ని మెషీన్లలోనూ హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ మాడ్యూళ్లే వాడండి. నోడ్ తొలినాళ్ల నుంచీ ఉన్నవి, 22 లోనూ ఉన్నాయి, ఎవరూ తీసేస్తామనలేదు. ఉన్నది ఒకటే దారి కాబట్టి ల్యాప్‌టాప్‌లో పనిచేసింది కాటా దగ్గరా పనిచేస్తుంది.

ప్యాకేజీ వేసుకుందామంటే కొంచెం చూసుకోండి. ఒకప్పుడు అందరూ వాడిన రిక్వెస్ట్ ప్యాకేజీకి 2020 ఫిబ్రవరిలో స్వస్తి చెప్పారు. నోడ్‌ఫెచ్ 3 నుంచి ఈఎస్ మాడ్యూల్‌గానే (ఇంపోర్ట్‌తో తెచ్చుకునే కొత్త రకం) వస్తుంది, పాత పద్ధతిలో రిక్వైర్ చేస్తే పాత నోడ్‌లో ఎర్రర్ వస్తుంది, అందుకని 2 దగ్గరే ఆగాలి. గాట్ అనే ప్యాకేజీ కూడా దాని 12 నుంచి అంతే. ఆక్సియస్ వాడతామంటే నాకు అభ్యంతరం లేదు. కాకపోతే 404 వస్తే ఆక్సియస్ ఎర్రర్ విసురుతుంది, ఫెచ్ విసరదు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేటప్పుడు ఈ ఒక్క తేడా చాలామందిని ముంచింది.

ఫైలు మొదలుపెట్టేటప్పుడు

ఒకే ఒక్క ఫంక్షన్ రాయండి. దానికిచ్చేవి ఐదు: అడ్రసు, మెథడ్, హెడర్లు, బాడీ, ఎన్ని మిల్లీసెకన్లు ఆగాలో. అది ఇచ్చేది ఒక ప్రామిస్, అందులోంచి వచ్చేవి మూడు: స్టేటస్ అంకె, హెడర్లు, బాడీ టెక్స్టు. స్ట్రీములు, సాకెట్లు (కనెక్షన్లు), బఫర్లు (బైట్ల వరసలు) ఈ ఫంక్షన్ గడప దాటి బయటికి రాకూడదు. మిగతా ప్రోగ్రాంలో ఎక్కడా హెచ్‌టీటీపీఎస్ అనే మాట కనపడకూడదు. రేపు పాత మెషీన్ పోయాక లోపల ఫెచ్ పెట్టుకున్నా బయట ఒక్క లైను మారకుండా ఉండాలంటే ఇదే కిటుకు.

ఇక రాసే భాష సంగతి. ఒక ఫంక్షన్ ఉందో లేదో నడిచేటప్పుడు చూసుకోవచ్చు. సింటాక్స్ అలా కాదు. నోడ్ 12 కి ప్రశ్న గుర్తు పక్కన చుక్క పెట్టే ఆప్షనల్ చెయినింగ్ తెలియదు, అది 14 లో వచ్చింది. ఫైల్లో అలాంటిది ఒక్కచోట ఉన్నా, ఆ లైను దాకా వెళ్లక్కర్లేదు, ఫైలే లోడ్ అవదు. మాడ్యూల్ పేరు ముందు నోడ్ అని పెట్టి కోలన్ రాసే కొత్త అలవాటు కూడా రిక్వైర్‌లో 14.18 నుంచి, 16 నుంచే చెల్లుతుంది. 12 లో అలా రాస్తే మాడ్యూల్ కనపడలేదంటుంది. అసింక్, అవెయిట్ నిశ్చింతగా వాడుకోండి, 7.6 నుంచి ఉన్నాయి. యూఆర్ఎల్ క్లాసు 10 నుంచి ఎక్కడైనా నేరుగా దొరుకుతుంది. రిక్వెస్ట్ ఫంక్షన్‌కి అడ్రసు, ఆప్షన్లు, కాల్‌బ్యాక్ అని మూడూ వరసగా ఇవ్వడం 10.9 నుంచి కుదురుతుంది. మీ చిన్న అంకె 12 అయితే ఈ మూడింటితో దిగులు లేదు.

అడ్రసుని యూఆర్ఎల్ క్లాసుతో విడగొట్టి, ప్రోటోకాల్ చూసి, హెచ్‌టీటీపీ మాడ్యూలా హెచ్‌టీటీపీఎస్ మాడ్యూలా అన్నది ఎంచుకోండి. ఒకదానికి బదులు రెండోది వాడితే నోడ్ ఆ ప్రోటోకాల్ చెల్లదని ఎర్రర్ ఇస్తుంది.

బాడీ పంపడం: తెలుగు పేర్లు ఎందుకు పడలేదు

ఈ భాగం నిదానంగా చదవండి.

సాఫ్ట్‌వేర్ పెట్టిన మూడో రోజు వేబ్రిడ్జి గుమాస్తా ఫోన్ చేశాడు. "సార్, ఇంగ్లీషులో కొడితే పడతందండి, తెలుగులో కొడితే పడట్లేదు." డ్రైవర్ పేరు, వెళ్లే ఊరు అతను తెలుగులో టైపు చేస్తున్నాడు. నేను పరీక్షించిందంతా ఇంగ్లీషు అక్షరాలతో.

నేను బాడీ పొడుగు చెప్పే కంటెంట్ లెంగ్త్ హెడర్‌లో స్ట్రింగ్ పొడుగు పెట్టాను. సింహాచలం అనే మాట తీసుకోండి. జావాస్క్రిప్ట్ దాని పొడుగు 8 అంటుంది: స, గుడి, సున్నా, హ, దీర్ఘం, చ, ల, సున్నా. కానీ వైర్ మీద వెళ్లేది యూటీఎఫ్-8 బైట్లు. తెలుగు అక్షరమైనా గుణింతం గుర్తైనా ఒక్కొక్కటీ 3 బైట్లు. మొత్తం 24. హెడర్‌లో 8 అని చెప్పి 24 పంపితే అవతలి సర్వర్ 8 బైట్లే తీసుకుంటుంది, అంటే "సి", ఆ తర్వాత సున్నాలో మూడింట రెండు వంతులు. మిగిలిన 16 బైట్లని తర్వాతి రిక్వెస్ట్ మొదలైందనుకుని చదివి, అర్థంకాక 400 కొడుతుంది. ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఒకటే బైటు కాబట్టి రెండు లెక్కలూ కలుస్తాయి, తప్పు బయటపడదు.

కాబట్టి ఇలా చేయండి. జేసన్‌ని స్ట్రింగ్ చేయగానే బఫర్ డాట్ ఫ్రమ్‌తో బఫర్‌గా మార్చండి. ఆ బఫర్ పొడుగునే కంటెంట్ లెంగ్త్‌లో పెట్టండి. కంటెంట్ టైప్‌లో అప్లికేషన్ జేసన్ అని రాయండి. చివర ఎండ్ ఫంక్షన్‌కి ఆ బఫర్ ఇచ్చేయండి. బాడీ లేని రిక్వెస్టుకైనా ఎండ్ పిలవాలి. గెట్ అనే షార్ట్‌కట్ దాన్ని తనే పిలుస్తుంది, రిక్వెస్ట్ అనే ఫంక్షన్ పిలవదు. మరిచిపోతే రిక్వెస్ట్ బయల్దేరనే బయల్దేరదు, ఎర్రరూ రాదు.

జవాబు చదవడం

జవాబు ముక్కలు ముక్కలుగా వస్తుంది. డేటా ఈవెంట్‌లో వచ్చే ప్రతి ముక్కా ఒక బఫర్. దాన్ని స్ట్రింగ్‌కి ప్లస్‌తో అతికించడం అన్నిచోట్లా కనిపించే అలవాటు, తెలుగుకి మాత్రం అది చేటు. మూడు బైట్ల అక్షరం రెండు ముక్కల మధ్య తెగితే అటు సగం, ఇటు సగం రెండూ చెడిపోతాయి. చిన్న జవాబు ఒకే ముక్కలో వచ్చేస్తుంది కాబట్టి నెలల తరబడి ఏమీ కాదు. ఒకరోజు పెద్ద జాబితా వస్తుంది, మధ్యలో ఒక పేరులో నల్ల డైమండ్లు (చెడిన అక్షరానికి బదులు వచ్చే గుర్తులు) కనపడతాయి, మళ్లీ చూస్తే ఉండవు.

ముక్కలన్నీ ఒక అర్రేలో వేసుకుంటూ పోయి, ఎండ్ ఈవెంట్ వచ్చాక బఫర్ డాట్ కాంకాట్‌తో కలిపి, ఒక్కసారే యూటీఎఫ్-8 స్ట్రింగ్ చేయండి. సెట్ ఎన్‌కోడింగ్ వాడినా సరిపోతుంది, తెగిన అక్షరాన్ని అది తర్వాతి ముక్క వచ్చేదాకా దాచిపెడుతుంది. నేను మాత్రం కాంకాట్ వాడతాను. ముక్కలు చేరుతుండగానే మొత్తం ఎన్ని బైట్లయ్యాయో లెక్కపెట్టి, ఒక హద్దు దాటితే ఆపేయొచ్చు. వేబ్రిడ్జి పీసీలో ఉన్న ర్యామ్ 2 జీబీ, ఆ హద్దు నాకు అవసరం.

ఎండ్ వచ్చిందంటే జవాబు పూర్తిగా వచ్చినట్టేనా? కాదు. మధ్యలో కనెక్షన్ తెగిపోతే పాత వెర్షన్లు జవాబు వస్తువు మీద అబార్టెడ్ అనే ఈవెంట్ ఇచ్చేవి. కొత్తవి దాని మీదే ఎర్రర్ ఈవెంట్ ఇస్తాయి. రెండిటికీ చెవి ఒగ్గండి. దానితోపాటు ఎండ్‌లో కంప్లీట్ అనే గుణం నిజమో కాదో చూడండి. అది ఎంతో పాత కాలం నుంచీ ఉంది, అన్ని వెర్షన్లలోనూ నమ్మొచ్చు. నిజం కాకపోతే సగం జవాబుని పారేసి ఎర్రర్ ఇవ్వండి. సగం జేసన్ అయితే పార్స్ దగ్గర ఎలాగూ దొరుకుతుంది. సీఎస్‌వీ (కామాలతో విడగొట్టిన జాబితా) అయితే దొరకదు, 40 లారీల జాబితాలో 31 వచ్చినా అన్నీ వచ్చినట్టే కనిపిస్తుంది.

స్టేటస్ చూసి బాడీ అక్కర్లేదనుకుంటే జవాబుని అలా వదిలేయకండి, రెజ్యూమ్ పిలవండి. బాడీని ఎవరూ చదవకపోతే ఎండ్ రాదు, సాకెట్ అలాగే పట్టుకుని ఉంటుంది.

టైమవుట్: రెండు గడియారాలు

హెచ్‌టీటీపీ మాడ్యూల్‌కి దానంతట దానికి టైమవుట్ లేదు. అవతలివాడు జవాబివ్వకపోతే ఎదురుచూస్తూనే ఉంటుంది. ఆప్షన్లలో టైమవుట్ అని ఒకటి ఉంది కదా అని పెట్టి ధీమాగా ఉంటాం. అది రెండు విధాలుగా తక్కువైనది. ఒకటి, అది సాకెట్ ఎంతసేపు ఊరికే ఉందో చూసేది మాత్రమే. పది సెకన్లకొక బైటు చొప్పున వస్తున్నా అది మోగదు. రెండు, మోగినా టైమవుట్ ఈవెంట్ ఇచ్చి ఊరుకుంటుంది, రిక్వెస్ట్‌ని ఆపదు. ఆపాల్సింది మనం.

కొత్త నోడ్‌లో అబార్ట్ సిగ్నల్ టైమవుట్ అని చక్కటిది ఉంది, 16.14 నుంచి, 17.3 నుంచి. అబార్ట్ కంట్రోలర్ అయితే 14.17 లోకీ వచ్చింది. 12 లో రెండూ లేవు. కాబట్టి మన సెట్ టైమవుట్‌తోనే మొత్తం సమయానికి ఒక గడియారం పెట్టండి. అది మోగినప్పుడు చేయాల్సిన పనులకి వరస ముఖ్యం. ముందు "అయిపోయింది" అనే జెండా ఎత్తాలి. తర్వాత ప్రామిస్‌ని టైమవుట్ ఎర్రర్‌తో రిజెక్ట్ చేయాలి. ఆ తర్వాత రిక్వెస్ట్‌ని తెంచాలి. తెంచడానికి 14.1 నుంచి డిస్ట్రాయ్ అన్నారు, అంతకుముందు అబార్ట్. మెషీన్ వెర్షన్ 14.1 కన్నా తక్కువైతే అబార్ట్ పిలవండి.

తెంచగానే రిక్వెస్ట్ మీద ఇంకో ఎర్రర్ ఈవెంట్ వస్తుంది, సాకెట్ హ్యాంగప్ అని. జెండా ఎత్తి ఉంది కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు, కానీ వినే ఫంక్షన్ మాత్రం ఉండి తీరాలి. వినేవాళ్లు లేని ఎర్రర్ ఈవెంట్ నోడ్‌లో మొత్తం ప్రోగ్రాంని పడగొడుతుంది. పని సవ్యంగా ముగిసినప్పుడు గడియారాన్ని క్లియర్ చేయడం మరవకండి, లేకపోతే స్క్రిప్ట్ పని అయిపోయినా గడియారం మోగేదాకా అలా వేలాడుతుంది.

వెర్షన్ మారితే మారిపోయేవి

ఇవి కోడ్‌లో కనపడవు. అదే ఫైలు, అదే లైను, నోడ్ మార్చగానే వేరేగా నడుస్తుంది.

లోకల్‌హోస్ట్. ఇంకో ఆఫీసులో స్లిప్పులు ప్రింట్ చేసే చిన్న సర్వర్ అదే మెషీన్‌లో 127.0.0.1 మీద వింటూ ఉండేది. మా ప్రోగ్రాం దాన్ని లోకల్‌హోస్ట్ అనే పేరుతో పిలిచేది. నోడ్ 16 తీసి 18 పెట్టిన రోజు సాయంత్రం స్లిప్పులు ఆగిపోయాయి. ఈ-కాన్-రెఫ్యూజ్డ్ (కనెక్షన్ ఒప్పుకోలేదు) అని, పక్కనే రెండు కోలన్లు, ఒకటి అంకె. అది ఐపీవీ6 అడ్రసు. 17 నుంచి నోడ్ డీఎన్ఎస్ ఏ వరసలో ఇస్తే ఆ వరసలోనే అడ్రసులు తీసుకుంటోంది, అంతకుముందు ఐపీవీ4 ని ముందుకు తెచ్చేది. 20 నుంచి రెండూ ప్రయత్నించి ఏది దొరికితే అది పట్టుకుంటుంది, అందుకని 20 లో ఈ చిక్కు కనిపించకుండా పోతుంది, 18 లో మళ్లీ కనిపిస్తుంది. వాడాల్సిన మందు ఒకటే: మీ ఫైల్లో లోకల్‌హోస్ట్ అని రాయకండి, 127.0.0.1 అని అంకెల్లోనే రాయండి.

కీప్ అలైవ్. 19 నుంచి నోడ్ ఒకసారి తెరిచిన కనెక్షన్‌ని మూసేయకుండా తర్వాతి రిక్వెస్టుకి వాడుకుంటుంది. పాతవి ప్రతిసారీ కొత్తది తెరుస్తాయి. వేగానికి మంచిదే. కానీ అవతలి సర్వర్ మూసేసిన క్షణంలోనే మనం ఆ కనెక్షన్ మీద పంపితే ఈ-కాన్-రీసెట్ (కనెక్షన్ తెగింది) అనే ఎర్రర్ వస్తుంది. నోడ్‌లో రాసిన సర్వరైతే మామూలుగా 5 సెకన్లు ఊరికే ఉన్న కనెక్షన్‌ని మూసేస్తుంది. లారీ లారీకి మధ్య ఐదారు సెకన్లు పట్టే చోట ఇది తరచూ తగులుతుంది. మీరే ఒక ఏజెంట్ (కనెక్షన్లని చూసుకునే వస్తువు) తయారుచేసి, కీప్ అలైవ్ కావాలో వద్దో స్పష్టంగా రాసి, ప్రతి రిక్వెస్టుకీ అదే ఇవ్వండి. అప్పుడు 12 లోనూ 22 లోనూ ఒకేలా ఉంటుంది. నిమిషానికి పది రిక్వెస్టులు దాటని పనికి నేను వద్దనే పెడతాను.

సర్టిఫికెట్లు. నోడ్ తన నమ్మకమైన రూట్ సర్టిఫికెట్ల జాబితాని తనలోనే మోసుకొస్తుంది. విండోస్‌ని అప్‌డేట్ చేసినంత మాత్రాన పాత నోడ్ జాబితా మారదు. కొత్త రూట్ కావలసి వస్తే ఆ ఫైలు దారిని నోడ్ ఎక్స్‌ట్రా సీఏ సెర్ట్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టండి, 7.3 నుంచి అన్నిట్లో పనిచేస్తుంది. రిజెక్ట్ అన్ఆథరైజ్డ్‌ని ఫాల్స్ చేయమని సలహా చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. చేయకండి. ఆ ఒక్క మాటతో అవతల ఉన్నది మీ సర్వరో, మధ్యలో దూరినవాడో తేల్చుకునే దారి పోతుంది. దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది: 17 నుంచి ఓపెన్ఎస్ఎస్ఎల్ (గుప్తంగా మాట్లాడుకోవడానికి వాడే లైబ్రరీ) 3 వచ్చింది, బాగా పాత సర్వర్లతో మాట్లాడటానికి అది ఒప్పుకోదు. అప్పుడు సరిచేయాల్సింది ఆ సర్వర్‌నే.

రీడైరెక్ట్, మళ్లీ పంపడం

301, 302, 307, 308 వస్తే లొకేషన్ హెడర్‌ని పాత అడ్రసుతో కలిపి యూఆర్ఎల్ క్లాసుకి ఇచ్చి కొత్త అడ్రసు కట్టండి. గెట్ (సమాచారం అడిగే) రిక్వెస్టులకే అలా వెళ్లండి, అదీ ఐదుసార్లకి మించకుండా. హోస్ట్ మారితే ఆథరైజేషన్ హెడర్ తీసేయండి, లేకపోతే మీ టోకెన్ ఎవరి చేతికో వెళ్తుంది. పోస్ట్‌కి (డేటా పంపే రిక్వెస్టుకి) రీడైరెక్ట్ వస్తే నేను ఎర్రర్ ఇస్తాను. అడ్రసు తప్పు రాశామని దానర్థం, దాన్ని సరిచేయాలి.

మళ్లీ పంపడంలో తొందర వద్దు. గెట్ విఫలమైతే సెకను ఆగి మళ్లీ అడగొచ్చు. పోస్ట్ అలా కాదు. టైమవుట్ అయిందంటే అవతల పని జరగలేదని కాదు, జరిగిన సంగతి మనకి తెలియలేదని మాత్రమే. మళ్లీ పంపితే ఒకే లారీ రెండుసార్లు తూగినట్టు ఎక్కుతుంది, నెలాఖరున బిల్లులో గొడవ. ప్రతి స్లిప్పుకీ కింది పీసీలోనే ఒక నంబరు వేసి, దాన్ని హెడర్‌లో పంపండి. సర్వర్ అదే నంబరు రెండోసారి చూస్తే కొత్త ఎంట్రీ వేయకుండా పాత జవాబే తిరిగివ్వాలి. ఈ ఏర్పాటు అయ్యాకే పోస్ట్‌కి రీట్రై పెట్టండి.

ఎర్రర్లకి పేర్లు

కోడ్‌లు వెర్షన్‌ని బట్టి, చోటుని బట్టి మారతాయి. మీ ఫంక్షన్ బయటికిచ్చే ఎర్రర్లు నాలుగే ఉండాలి: చేరలేదు, ఆలస్యమైంది, మధ్యలో తెగింది, జవాబు అర్థంకాలేదు. అసలు ఎర్రర్‌ని దాని లోపల ఒక గుణంగా పెట్టి లాగ్‌లో రాయండి. 404, 500 లని ఎర్రర్ చేయొద్దు, స్టేటస్‌తో జవాబుగానే ఇవ్వండి. కాటా గదిలో కూర్చున్నవాడికి తెర మీద "నెట్ లేదు, బరువు ఇక్కడే దాచాను" అని తెలుగులో కనపడితే లారీని పంపేస్తాడు. ఇంగ్లీషులో ఈ-నాట్-ఫౌండ్ అని కనపడితే లారీని ఆపి మీకు ఫోన్ చేస్తాడు.

పరీక్ష

చెడ్డగా ప్రవర్తించే ఒక చిన్న సర్వర్ రాయండి, యాభై లైన్లు చాలు. ఒక అడ్రసుకి నిమిషం దాకా జవాబివ్వకూడదు. ఒకదానికి సగం పంపి సాకెట్ తెంచేయాలి. ఒకదానికి 302, ఒకదానికి బాడీ లేని 204, ఒకదానికి జేసన్ కాని 500 ఇవ్వాలి. ఒకదానికి పంపిన బాడీనే తిరిగివ్వాలి, దాంట్లో సింహాచలం పంపి చూడండి.

ఇంకొకటి ప్రత్యేకంగా రాయండి. విశాఖ అనే మాట 15 బైట్లు. మొదటి 7 బైట్లు పంపి, వంద మిల్లీసెకన్లు ఆగి, మిగతా 8 పంపండి. ఏడో బైటు దగ్గర శ అక్షరం తెగుతుంది: దాని మూడు బైట్లలో ఒకటి ఇటు, రెండు అటు. మీ ఫంక్షన్ సరిగ్గా ఉంటే "విశాఖ" వస్తుంది. ప్లస్‌తో అతికించే కోడ్ అయితే "వి" తర్వాత మూడు డైమండ్లు, ఆ తర్వాత దీర్ఘం, ఖ. ఒకసారి కావాలని ప్లస్‌తో రాసి చూడండి.

ఎన్‌వీఎంతో (ఒకే మెషీన్‌లో చాలా నోడ్ వెర్షన్లు ఉంచే సాధనం) 12, 16, 18, 22 ఎక్కించుకుని నాలుగింటి మీదా అదే పరీక్ష నడపండి. విండోస్‌కి దాని వేరే రకం ఉంది. పరీక్షలకి నోడ్ సొంత టెస్ట్ రన్నర్ 12 లో లేదు. అసర్ట్ మాడ్యూల్‌తో మామూలు స్క్రిప్ట్ రాసుకుంటే చాలు. ప్యాకేజ్ జేసన్‌లో ఇంజిన్స్ దగ్గర మీ చిన్న అంకె రాసిపెట్టండి.

ఆఖరి పాత మెషీన్ పోయినప్పుడు

ఆ రోజు వస్తే ఫంక్షన్ లోపల హెచ్‌టీటీపీఎస్ తీసి ఫెచ్ పెట్టుకోండి. అబార్ట్ సిగ్నల్ టైమవుట్ ఇవ్వండి, లేకపోతే హెడర్ల కోసమే అది 300 సెకన్లు ఆగుతుంది. ఫెచ్ విసిరిన ఎర్రర్‌లో కాజ్ తెరిచి కోడ్ చూసి మీ నాలుగు పేర్లలో ఒకదానికి మార్చండి. రీడైరెక్ట్‌ని మాన్యువల్ చేసి మీ పాత నియమమే ఉంచండి. ఆఫీసులో ప్రాక్సీ (బయటి నెట్‌కి వెళ్లే దారిలో ఉండే సర్వర్) ఉంటే జాగ్రత్త, హెచ్‌టీటీపీ ప్రాక్సీ వేరియబుల్‌ని ఫెచ్ తనంతట తను చూడదు. ఆ చెడ్డ సర్వర్ పరీక్షలన్నీ ఒక్క అక్షరం మార్చకుండా మళ్లీ నడపండి.

మెషీన్లలో పెట్టేటప్పుడు అన్నిటికన్నా పాతదాంతో మొదలుపెట్టండి. నేను కాటా పీసీలో పెట్టి, ప్రోగ్రాం మొదలవగానే లాగ్‌లో నోడ్ వెర్షను, ప్రతి రిక్వెస్టుకీ పట్టిన మిల్లీసెకన్లు పడేలా చేశాను. రెండు రోజులు ఆ లాగ్ చూశాక మేడ మీది సర్వర్‌లో, ఆ తర్వాత క్లౌడ్‌లో పెట్టాను.